చిన్న బి, పెద్ద బి

ఇంగ్లిష్ అక్షరాల్లో చిన్నవీ పెద్దవీ ఉంటాయి. మన తెలుగు అక్షరాలకు ఆ బాధ లేదు. బహుశా అందుకేనేమో, ఒక చిన్న అక్షరానికీ పెద్ద అక్షరానికీ ఉన్న తేడాను నేను పట్టించుకోలేదు. దానివల్ల మా ఇంట్లో ఒక నష్టం జరిగింది. ఆ నష్టం గురించీ, అది నాకు నేర్పిన లెక్క గురించీ ఈ వ్యాసంలో రాస్తున్నాను.

మా చిన్నాయన ఒకప్పుడు బళ్లారిలో డీటీపీ షాపు నడిపేవాడు. పెళ్లి పత్రికలు, కరపత్రాలు, జాతర పోస్టర్లు తెలుగులోనూ కన్నడంలోనూ టైపు చేసి ఇచ్చేవాడు. షాపు మూసేశాక అక్కడి కంప్యూటరు సంగనకల్లులో మా ఇంటికి వచ్చింది. విండోస్ ఎక్స్‌పీ ఉన్న పాత పెట్టె. చాలా ఏళ్లు గుడ్డ కప్పి మూలన పెట్టేశారు. కానీ ఎవరూ దాన్ని పాత సామానువాడికి వేయనివ్వలేదు. ఎందుకంటే దానిలో మా అవ్వ గొంతు ఉంది.

అవ్వ కథలు చెప్తే మా వీధి పిల్లలంతా వచ్చి కూర్చునేవాళ్లట. చిన్నాయన షాపు మూసే ముందు ఏడాది ఒక మైకు ఇంటికి తెచ్చి, అవ్వ చేత మాట్లాడించి రికార్డు చేశాడు. మొత్తం తొమ్మిది ఫైళ్లు. వాటికి పేర్లు కూడా పెట్టలేదు. అవ్వ ఒకటి, అవ్వ రెండు అని నంబర్లు వేశాడు, అంతే. అవ్వ పోయి నాలుగేళ్లయింది. పోయిన సారి సంవత్సరీకం దగ్గర పడినప్పుడు నాయన నన్ను పిలిచి, “అవ్వ మాటలు ఫోన్లోకి ఎక్కించరా. వచ్చినోళ్లంతా వింటారు” అన్నాడు. మా ఇంట్లో కంప్యూటర్ గురించి తెలిసినవాణ్ణి నేనే అని నాకు కొంచెం గర్వం కూడా ఉంది.

ఆ పెట్టెకు ఒక జబ్బు ఉంది. లోపలి ఫ్యాను సరిగ్గా తిరగదు. వేడెక్కి దానంతట అదే ఆగిపోతుంది. పక్క రేకు తీసేసి టేబుల్ ఫ్యాను పెడితే, తెర వచ్చినాక 20 నిమిషాలు నిలుస్తుంది. హార్డ్ డిస్కు కూడా టక్ టక్ అని చప్పుడు చేస్తోంది. “ఇది ఇంక ఎన్నిసార్లు లేస్తుందో చెప్పలేం” అన్నాడు చిన్నాయన. డిస్కు ఊడదీసి వేరే కంప్యూటరుకు తగిలించే తీగ కోసం రెండు మూడు షాపుల్లో అడిగాం. అంత పాత రకానికి ఇప్పుడు రావడం లేదన్నారు. కాబట్టి పెన్ డ్రైవ్ ఒక్కటే దారి.

నేను ముందే లెక్క వేసుకున్నాను. తొమ్మిది ఫైళ్లు కలిపి 4,200 మెగాబైట్లు. ఆ కంప్యూటరుకు ఉన్న యూఎస్‌బీ 1.1 వేగం సెకనుకు 12 అని చదివాను. 4,200ను 12తో భాగిస్తే 350 సెకన్లు. అంటే ఆరు నిమిషాల లోపే.

“ఎంతసేపు పడుతుందిరా?” అన్నాడు చిన్నాయన.

“ఆరు నిమిషాలు చిన్నాయనా.”

“ఆరు నిమిషాలా? అది లేయడానికే ఆరు నిమిషాలు పడుతుంది కదరా!”

అందరం నవ్వుకున్నాం. కాపీ మొదలుపెట్టాను. ఆరు నిమిషాలు దాటింది. తెర మీద పచ్చగీత ఒక మూలనే ఉంది. కొంచెం కూడా జరిగినట్టు కనిపించలేదు. హ్యాంగ్ అయింది అనుకున్నాను. ఇంతలో ఆగిపోతే ఏం చేయాలి అని భయపడి పెన్ డ్రైవ్ లాగేశాను. తర్వాత దాన్ని వేరే కంప్యూటరులో పెడితే ఫార్మాట్ చేయమని అడిగింది. అందులో ఒక్క ఫైలు కూడా దక్కలేదు.

మర్నాడు బడిలో మా లెక్కల సార్‌కు ఈ సంగతి చెప్పాను. కంప్యూటరు పాడైపోయింది సార్ అన్నాను. సార్ నా కాగితం చూసి, “కంప్యూటరు బాగానే పనిచేసింది. నీ లెక్కే పాడైంది” అన్నారు. “సెకనుకు 12 అని రాశావు. 12 ఏమిటి?”

“మెగాబైట్లు సార్.”

“కాదు. 12 మెగాబిట్లు. ఇంగ్లిష్‌లో బిట్‌కు చిన్న బి, బైట్‌కు పెద్ద బి రాస్తారు. 8 బిట్లు కలిస్తే ఒక బైటు. నువ్వు 8 రెట్లు ఎక్కువ ఊహించుకున్నావు.”

ఇంటికి వచ్చి నాయనకు చెప్పాను. నాయనకు బిట్లూ బైట్లూ తెలియవు. కానీ ఒక్క నిమిషంలో అర్థం చేసుకున్నాడు. “అంటే గుంటలనుకొని సెంట్లు కొన్నట్టు” అన్నాడు.

మా ఊళ్లో భూమిని గుంటల్లో చెప్తారు. ఎకరాకు 40 గుంటలు. మా అవ్వ చెల్లెలిని రాయదుర్గానికి ఇచ్చారు. అక్కడ సెంట్లలో చెప్తారు. ఎకరాకు 100 సెంట్లు. అంటే ఒక గుంట రెండున్నర సెంట్లకు సమానం. 20 గుంటలంటే అరెకరా, 20 సెంట్లంటే ఎకరాలో అయిదో వంతు. పెళ్లిళ్లలో కలిసినప్పుడు రెండు వైపుల వాళ్లూ పొలం మాట ఎత్తితే ముందు “గుంటలా, సెంట్లా?” అని అడుగుతారు. ఆ ప్రశ్న నేను చిన్నప్పటి నుంచీ వింటున్నాను. కంప్యూటర్ దగ్గర మాత్రం అడగడం మరిచిపోయాను.

ఆ వారమంతా సాయంత్రం బడి వదిలాక సార్ నాకు ఈ లెక్కలు చెప్పారు. మిగతా వాళ్లకూ ఉపయోగపడతాయని ఇక్కడ రాస్తున్నాను.

మొదటిది, బిట్లను బైట్లు చేయడం. తీగలో పోయే వేగాన్ని ఎక్కువగా బిట్లలో చెప్తారు. ఫైలు ఎంత పెద్దదో బైట్లలో చెప్తారు. కాబట్టి వేగాన్ని 8తో భాగించాకే ఫైలుతో పోల్చాలి. మన దేశంలో సామాన్యులకు ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ద్వారా మొదలైంది. అప్పటి డయలప్ వేగం 9.6 కిలోబిట్లు. 8తో భాగిస్తే సెకనుకు 1,200 బైట్లు. ఇప్పుడు మన ఫోనులో తీసే 30 లక్షల బైట్ల ఫోటో ఒకటి ఆ తీగలో పోవాలంటే 2,500 సెకన్లు, అంటే దాదాపు 42 నిమిషాలు పడుతుంది.

తర్వాత 56 కిలోబిట్ల మోడెంలు వచ్చాయి. చిన్నాయన షాపులో అదే ఉండేది. అది సెకనుకు ఎక్కువలో ఎక్కువ 7,000 బైట్లు. 50 లక్షల బైట్ల పోస్టరు ఒకటి దించుకోవాలంటే 714 సెకన్లు, అంటే 12 నిమిషాలు. తీగ బాగుంటేనే ఆ మాట. దించినంతసేపూ ఫోను ఎంగేజు. “నా చెల్లెలు రాయదుర్గం నుంచి ఫోను చేస్తే తగలకుండా చేస్తావురా” అని అవ్వ తిట్టేదని చిన్నాయన చెప్పాడు.

బ్రాడ్‌బ్యాండ్ అనే మాటకు కూడా అర్థం మారుతూ వచ్చింది. 2004లో ప్రభుత్వ విధానం ప్రకారం 256 కిలోబిట్లు ఉంటే చాలు బ్రాడ్‌బ్యాండే. అంటే సెకనుకు 32 కిలోబైట్లు. 2013లో దాన్ని 512 కిలోబిట్లు చేశారు. 2023లో 2 మెగాబిట్లు చేశారు. పేరు ఒకటే, అంకె మారింది.

రెండోది, కిలో అంటే ఎంత అనేది. బియ్యానికి కిలో అంటే 1,000 గ్రాములు. కంప్యూటర్‌లో ఒక్కోసారి 1,000, ఒక్కోసారి 1,024. తీగ వేగాలకు 1,000 వాడతారు. ఫైళ్లు లెక్కపెట్టేటప్పుడు విండోస్ 1,024 వాడుతుంది. అన్నిటికంటే విచిత్రం ఫ్లాపీ. చిన్నాయన దగ్గర ఒక డబ్బా నిండా ఉన్నాయి. వాటి మీద 1.44 మెగాబైట్లు అని ఉంటుంది. నిజంగా అందులో పట్టేది 14,74,560 బైట్లు. దాన్ని 10 లక్షలతో భాగిస్తే 1.47 వస్తుంది. 1,024ను 1,024తో హెచ్చించి దానితో భాగిస్తే 1.41 వస్తుంది. ఎట్ల చేసినా 1.44 రాదు. ముందు 1,024తో భాగించి 1,440 చేసి, తర్వాత 1,000తో భాగిస్తేనే 1.44 వస్తుంది. ఒకే లెక్కలో గుంటలూ సెంట్లూ కలిపేశారన్నమాట. మా అవ్వ ఫైళ్లను ఫ్లాపీల్లో ఎక్కించాలంటే 2,849 ఫ్లాపీలు కావాలి!

మూడోది, ఎక్స్ అనే కొలత. చిన్నాయన కంప్యూటర్‌లో సీడీ డ్రైవు మీద 52 ఎక్స్ అని ఉంది. ఎక్స్ అంటే రెట్లు. దేనికి రెట్లు? సీడీకి ఒక ఎక్స్ అంటే సెకనుకు 1,53,600 బైట్లు. డీవీడీకి ఒక ఎక్స్ అంటే దాదాపు 13,85,000 బైట్లు. అంటే డీవీడీ ఒక ఎక్స్, సీడీ తొమ్మిది ఎక్స్‌లకు సమానం. మాది సీడీ చదివే డ్రైవు మాత్రమే, రాసేది కాదు. రాసేదై ఉంటే 16 ఎక్స్ అయినా సెకనుకు 24 లక్షల బైట్లకు పైగా రాసేది. ఆ యూఎస్‌బీ కంటే అది వేగం. 12, 16 అని అంకెలు మాత్రం చూస్తే ఈ సంగతి తెలియదు.

నాలుగోది, మోత ఖర్చు. ఆ మాట సార్‌దే. ఉత్తరం పంపితే కవరు బరువు కూడా తూకంలోకి వస్తుంది కదా, అట్లనే. పాత సీరియల్ పోర్టులో ఒక్కో బైటుకు ముందు ఒక బిట్టు, వెనుక ఒక బిట్టు కాపలాగా పోతాయి. కాబట్టి 9,600 బిట్లను 8తో కాదు, 10తో భాగించాలి. 960 బైట్లే వస్తాయి. సాటా హార్డ్ డిస్కుల్లో కూడా ఒక బైటును 10 బిట్లుగా మార్చి పంపుతారు. అందుకే 1.5 గిగాబిట్లు అంటే సెకనుకు 150 మెగాబైట్లు మాత్రమే. యూఎస్‌బీ 1.1లో సమాచారాన్ని 64 బైట్ల పొట్లాలు కట్టి పంపుతారు. సెకనులో వెయ్యో వంతుకు 19 పొట్లాల కంటే పట్టవు. 19ని 64తో హెచ్చిస్తే 1,216. అంటే సెకనుకు 12,16,000 బైట్లు. ఎంత బాగున్నా దానికి మించి రాదు. మా పాత పెట్టెకు అంత కూడా రాదు.

అయిదోది, బాడ్. పాత మోడెం గురించి చదువుతుంటే ఈ మాట వచ్చింది. టెలిగ్రాఫ్ మీద పనిచేసిన ఎమిల్ బాడో అనే ఫ్రెంచి ఇంజనీరు పేరు మీద వచ్చిందట. ఆయన ఒక్కో అక్షరానికి అయిదు బిట్లు వాడాడు. అయిదు బిట్లతో 32 గుర్తులే వస్తాయి. మన వర్ణమాల అందులో పట్టదు. నేను బాడ్, బిట్టు ఒకటే అనుకున్నాను. సార్ మా ఊరి కొండను చూపించి చెప్పారు. హిరేగుడ్డ మీద కొడితే గంటలా మోగే రాళ్లు ఉన్నాయని మనందరికీ తెలుసు. కొత్త రాతియుగం నాటి మనుషులు వాటిని మోగించిన గుర్తులు ఇప్పటికీ ఉన్నాయి. “మనం వాటిని కొట్టకూడదు. ఊహించుకోండి చాలు” అన్నారు సార్. ఒక మనిషి సెకనుకు ఒక దెబ్బ కొడుతున్నాడు. అది ఒక బాడ్. రాయి ఒకే రకంగా మోగితే, దెబ్బ ఉంది లేదు అనే ఒక్క బిట్టే తెలుస్తుంది. నాలుగు చోట్ల నాలుగు రకాలుగా మోగితే ఒక్క దెబ్బకు రెండు బిట్లు. పదహారు రకాలైతే నాలుగు బిట్లు. చెయ్యి వేగం పెరగలేదు, కానీ కబురు నాలుగు రెట్లు పోతోంది. 2,400 బిట్ల పాత మోడెం అట్లనే సెకనుకు 600 దెబ్బలే కొట్టేది. ఒక్కో దెబ్బకు నాలుగు బిట్లు మోసేది.

ఇవన్నీ నేర్చుకున్నాక మళ్లీ లెక్క వేశాను. ముందు 300 మెగాబైట్ల ఫైలు ఒక్కటి కాపీ చేసి గడియారం చూశాను. సరిగ్గా 5 నిమిషాలు పట్టింది. అంటే సెకనుకు ఒక మెగాబైటు. 4,200 సెకన్లు, 70 నిమిషాలు. కంప్యూటరు నిలిచేది 20 నిమిషాలు. అంటే ఒక్కసారికి 1,200 మెగాబైట్లు దాటకూడదు. తొమ్మిది ఫైళ్ల సైజులూ కాగితం మీద రాసుకొని నాలుగు విడతలుగా పంచాను. మొదటి విడతలో 300, 350, 500. రెండో విడతలో 420, 750. మూడో విడతలో 550, 480. ఆఖరి విడతలో 400, 450. సార్ చూసి సరే అన్నారు.

మొదటి విడత 19 నిమిషాలకు ముగిసింది. ఒక గంట ఆగి చల్లబడ్డాక రెండోది. మర్నాడు మూడోది. మూడు విడతలూ నా కాగితంలో ఉన్నట్టే జరిగాయి. నాలుగోసారి స్విచ్చి వేస్తే డిస్కు టక్ టక్ అని, ఒక కూత కూసి, ఆగిపోయింది. మళ్లీ లేవలేదు.

ఏడు ఫైళ్లు దక్కాయి. రెండు పోయాయి. ఆ రెండూ కలిపి 850 మెగాబైట్లు. అవ్వ గొంతు సెకనుకు 1,76,400 బైట్ల చొప్పున రికార్డయింది. భాగిస్తే 80 నిమిషాలు. వాటిని కాపీ చేయడానికి పట్టేది 14 నిమిషాలు. నేను మొదటి రోజు ఆరు నిమిషాలకే పెన్ డ్రైవ్ లాగేశాను. ఆ రోజు లాగకుండా 20 నిమిషాలు ఓపిక పట్టి ఉంటే ఒక విడత తగ్గేది. ఆ రెండు ఫైళ్లూ వచ్చేవి. ఈ లెక్క నాకు ఎవరూ చెప్పలేదు. నేనే వేసుకున్నాను.

ఇంకొక తప్పు కూడా చేశాను. సంవత్సరీకం రోజు ఏడు ఫైళ్లూ విన్నాక చిన్నాయన, “ఆంధ్ర విడిపోయిన కథ లేదే” అన్నాడు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్లారి మైసూరు రాష్ట్రంలో కలిసింది. అంతవరకు మన జిల్లాలోనే ఉన్న రాయదుర్గం, ఆదోని, ఆలూరు తాలూకాలు ఆంధ్రలోకి పోయాయి. అప్పుడు అవ్వకు తొమ్మిదేళ్లు. ఆ రోజుల్లో ఊళ్లో పెద్దలు ఏం మాట్లాడుకున్నారో, తర్వాత చెల్లెలిని “వేరే రాష్ట్రానికి” ఇచ్చినప్పుడు వాళ్ల అమ్మ ఎందుకు ఏడ్చిందో అవ్వ చెప్పిందట. అది ఆఖరి విడత ఫైళ్లలో ఉంది. నేను సైజులు చూసి పంచాను. ఏ ఫైలులో ఏముందో ముందు చిన్నాయనను అడగలేదు. అడిగి ఉంటే అదే మొదట కాపీ చేసేవాణ్ణి.

నాయన నన్ను ఏమీ అనలేదు. “ఏడు వచ్చినాయి కదరా” అన్నాడు. అమ్మకు ఆ కథ కొంత గుర్తుంది. రాయదుర్గం చిన్నవ్వకు ఇంకొంత గుర్తుంది. ఆమెకు ఇప్పుడు చెవులు సరిగ్గా వినపడవు. అయినా ఫోనులో గట్టిగా అడిగి, చెప్పినంత వరకు నోట్సులో రాసుకొని, తర్వాత కంప్యూటర్‌లో టైపు చేస్తున్నాను. ఇప్పటికి పద్నాలుగు పేజీలయింది.

టైపు చేస్తుంటే ఒక విషయం గమనించాను. ఇప్పుడు వాడే యూనికోడ్ పద్ధతిలో, ఫైలుగా దాచినప్పుడు ఒక్కో తెలుగు గుర్తుకు మూడు బైట్లు పడతాయి. “సంగనకల్లు” అని రాస్తే సున్నా, పొల్లు, కొమ్ముతో కలిపి తొమ్మిది గుర్తులు. అంటే 27 బైట్లు. 300 బిట్ల పాతకాలం మోడెంలో ఒక్కో బైటుకు 10 బిట్ల చొప్పున మా ఊరి పేరు పోవడానికి 0.9 సెకను పడుతుంది. అవ్వ ఆ పేరు పలకడానికి కూడా దాదాపు అంతే పడుతుంది. నేను ఫైలు పెట్టి, గడియారం చూసి, కొలిచాను.

మిత్రులారా, మన ఇళ్లలో పాత ఫోన్లు, సీడీలు, మెమరీ కార్డులు ఉంటాయి. వాటిలో ఎవరిదో ఒకరిది గొంతో, ఫోటోనో ఉంటుంది. అవి పాడయ్యే లోపల తీసి పెట్టుకోండి. ముందు ఏది ముఖ్యమో ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. తర్వాత ఎంతసేపు పడుతుందో లెక్క వేయండి. అంకె కనపడగానే మా నాయన అడిగినట్టు అడగండి: గుంటలా, సెంట్లా?